కింది ముడత, యాభై ఏడో పేజీ

ఆ రోజుల్లో పుస్తకంలో ఏ సంగతి ఏ పేజీలో ఉందో చెప్పగలిగినవాడే పండితుడని నా నమ్మకం. గుంటూరులో ఒక డీటీపీ సెంటర్లో కొత్తగా చేరాను. మా ఓనరుకు మేం పెట్టుకున్న పేరు కామాగారు (కామా తప్పితే ఆయనకు అన్నం సయించేది కాదు). మిరప తెగుళ్ల మీద పుస్తకమొకటి వచ్చింది. దాన్నే ఆఫీసులకు పెద్ద సైజులోనూ, రైతులకు జేబులో పట్టే సైజులోనూ వేయాలి. చివర పదసూచిక, అంటే ఏ తెగులు ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక, తయారుచేయడం నా పని. పెద్దదానికి వారం రోజులు తల ఎత్తకుండా చేశాను. చిన్నదానికి, విషయం అదే కదా అని, ఆ పట్టికనే తెచ్చి అతికించాను. కామాగారు కామాలన్నీ చూసి శభాష్ అన్నారు. అంకెలు ఆయనా చూడలేదు. అచ్చయి వచ్చిన కట్టలు ఇంకా మా దగ్గరే ఉండగా, చిన్న పుస్తకం మొదటి ప్రతిని పర్చూరు దగ్గర మిరప వేసే మా బాబాయికి పంపాను. అబ్బాయి ఎంత ఎదిగాడో ఆయనకు తెలియాలి గదా.

నాలుగో రోజు తెల్లారి తాళం తీసేసరికే ఫోన్ మోగుతోంది. ఊళ్లో ఎస్టీడీ బూత్ నుంచి బాబాయి.

"ఏరా, మిరపకి కింది ముడత వచ్చింది" అన్నాడు (ఆకులు కిందికి ముడుచుకుంటే కింది ముడత, పైకైతే పై ముడత). "నీ పుస్తకంలో వెనక చూశా. యాభై ఏడో పేజీ అని వేశావు. మందు తెచ్చా, మంచు ఆరగానే కొడతా. అది గాదురా, నువ్వసలు..." లైను తెగిపోయింది.

పొంగిపోతూ చిన్న పుస్తకం తీసి యాభై ఏడు తెరిచాను. కలుపుమందు. కింది ముడత యాభై ఏడులో ఉన్నది పెద్ద పుస్తకంలో; చిన్నదాంట్లో పేజీలన్నీ మారిపోయాయి. పైగా కలుపుమందు అధ్యాయం పేరు వెనక పేజీలో ఉండిపోయింది. ఈ పేజీ మొదలే 'ఆకులు బాగా తడిసేలా పిచికారీ చేయాలి' అని. ఆ మందు పడితే మిరప మాడిపోతుంది. బాబాయికి ఉన్నది రెండెకరాలే. బూత్‌కు తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. సంగతి కామాగారికి చెప్పాను. "ముందు బస్సెక్కు" అన్నారు, ఒక్క కామా కూడా లేకుండా.

బస్సు ఆగిన ప్రతిచోటా ఎండ ఇంకాస్త ఎక్కుతోంది. చేల మీద మంచు ఇంకొంచెంసేపు ఉంటే తలనీలాలిస్తానని పెదకాకాని స్వామికి మొక్కుకున్నాను. దిగి గట్ల మీద పరుగెత్తేసరికి, పంపు వీపున వేసుకుని బాబాయి అప్పటికే సగం చేలో ఉన్నాడు. "బాబాయ్, ఆపు, అది కలుపుమందు" అంటూ నీళ్ల బోదెలో బోర్లా పడ్డాను.

బాబాయి పంపు దించి నన్ను లేవదీశాడు. "యాభై ఏడులో ఉన్నది కలుపుమందని నాకు తెలీదంట్రా? అదే చెప్పబోతే ఫోన్ తెగింది. నేను కొట్టేది నల్లి మందు, కింది ముడత తెచ్చేది ఆ పురుగే."

"మరి అసలు పేజీ ఎట్లా దొరికింది?"

జేబులోంచి పుస్తకం తీశాడు. మధ్యలో రెండు మిరపాకులు. పైకి ముడుచుకున్నది పై ముడత పేజీలో, కిందికి ముడుచుకున్నది కింది ముడత పేజీలో.

"మొదట్నుంచీ ఒక్కో కాగితం తిప్పి వెతికా. మళ్లీ వెతుక్కోకుండా ఆకు పెట్టుకున్నా. నీ అంకెల్ని నమ్ముకుంటే చేలో గడ్డి కూడా మిగలదు" అన్నాడు.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తర్వాత వారమంతా గుండు తలతో కూర్చుని, ప్రతి చిన్న పుస్తకంలోనూ కొత్త పట్టిక అతికించాను.

ఇప్పటికీ నాది సూచికల పనే. ఒకే పుస్తకం కాగితం మీద, కంప్యూటర్లో, ఫోన్లో వస్తుంది. పేజీ ఎక్కడా కుదురుగా ఉండదు. అందుకే మాటను పేజీకి ముడివేయను, విషయానికే వేస్తాను. కొత్త పట్టిక అతికించని బాబాయి ప్రతి ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆకులు పొడైపోయి మరకలు మిగిలాయి. తీసినప్పుడల్లా, తప్పని తెలిసినా, ముందు వెనక పట్టికే చూస్తాను. యాభై ఏడు తెరిచి, ఆ పండితుణ్ణి కాసేపు తిట్టుకుని, అప్పుడు మరక ఉన్న పేజీకి వెళతాను.