దీక్ష తలనొప్పి

తెలంగాణ కోసం సిద్దిపేటలో రిలే నిరాహార దీక్షలు నడుస్తున్న రోజులవి. పొద్దున టెంటులో కూర్చున్నవాళ్ళను సాయంత్రం నిమ్మరసం ఇచ్చి లేపేవారు. మా ఆయన తన వంతు ఉన్నా లేకున్నా వెళ్ళి కూర్చునేవాడు. ఏడాది కిందటే ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు మందులు ఎక్కించుకున్న మనిషి. వద్దంటే వింటాడా?

ఒకనాడు టెంటులోనే వాంతి చేసుకుని పడిపోయాడు. ఆకలికి తాళలేకపోయాడనుకున్నారు అందరూ. మెడలో దండ వేసి, జై కొడుతూ ఇంటికి తీసుకొచ్చారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఉపాసం పడలే వదినె. గింత మజ్జిగ తాపు, గంతే," అన్నాడు ఆయన దోస్తు.

"అన్నం తిన్ననాడు గూడ పొద్దుగాల లేవంగనే కక్కుతుండు. తలకాయ పలుగుతుందని మొత్తుకుంటుండు. గది గూడ ఉపాసమేనా?" అన్నాను.

మజ్జిగ తెచ్చి ఇస్తే ఆయన ఎడమ చేతిలోంచి గ్లాసు జారిపోయింది. జారిన సంగతి ఆయనకు తెలియనే లేదు.

మర్నాటి నుంచి వరుసగా బంద్‌లు. బస్సుల్లేవు. దోస్తే ఎవరి కారో అడిగి తెచ్చి, మమ్మల్ని హైదరాబాద్‌లో దవాఖాన దగ్గర దింపి వెళ్ళిపోయాడు. తలకు స్కాన్ తీశారు.

"క్యాన్సర్ మెదడుకు పాకిందమ్మా," అంది డాక్టరమ్మ. "గడ్డలు చాలాచోట్ల ఉన్నాయి, ఆపరేషన్ కుదరదు. వాపు తగ్గడానికి మందిచ్చి, తలకు కరెంటు, అదే రేడియేషన్, పెడతాం. పూర్తిగా నయం కాదు. కొన్నాళ్ళు బాధ లేకుండా ఉంటారు."

పక్కనే ఆయన అంతా వింటున్నాడు.

కరెంటు పెట్టే గదిలోకి నన్ను రానిచ్చేవారు కాదు. తల కదలకుండా ఆయన మొహానికి సరిపోయేలా చేసిన జాలీ ముసుగు బిగించి, తలుపు వేసేవారు. బయట బెంచీ మీద నేనొక్కదాన్నే. జై కొట్టినవాళ్ళలో ఒక్కరూ రాలేదు. దారులన్నీ బంద్ అని నాకూ తెలుసు. అయినా కోపం వచ్చేది, దుఃఖం వచ్చేది.

ఆయన నిజంగానే తేరుకున్నాడు. వాంతులు ఆగాయి, చేతికి పట్టు వచ్చింది. మిగిలిన ఆ కొన్నాళ్ళూ నాకు దక్కుతాడని ఆశపడ్డాను. ఇల్లు చేరిన మర్నాడే చెప్పులు తొడుక్కున్నాడు.

"మళ్ల గాడికేనా? నా దగ్గర నాలుగొద్దులు కూసుంటె నీదేం బోతది?" అన్నాను.

"గాడ అందరు తెలంగాణ ముచ్చట వెడ్తరు. ఇంట్ల నువ్వు నా మొకం జూసి ఏడుస్తవ్. సచ్చేదాక సావు ముచ్చటేనానే?"

ఆ రోజు నుంచి నేనూ వెళ్ళి టెంటులో ఆడవాళ్ళ వైపు, వెనక వరుసలో కూర్చునేదాన్ని. అక్కడి నుంచి నాకు ఆయన వీపు, జుట్టు రాలిన తల మాత్రమే కనిపించేవి. ఆయనకు నా మొహం కనిపించేది కాదు. అక్కడే కరువుదీరా ఏడ్చుకునేదాన్ని.