సూపరింటెండెంటుగారి మెయిలు తెరుచుకున్న రోజు

ఆ గోడౌను ఆఫీసులో ఎవరు ఏ కాగితం అడిగినా సూపరింటెండెంటుగారి దగ్గర ఒకటే జవాబు. కుర్చీ కాస్త పక్కకు జరిపి, తెర మీద గిర్రున తిరిగే చక్రాన్ని చూపించి, "మెయిలు తెరుచుకుంటేగా!" అనేవారు. అందుకే అందరూ చాటుగా ఆయన్ని చక్రంగారనేవాళ్లు. ఆ సంగతి ఆయనకు తెలుసు, బిరుదులా మోసేవారు. పనెక్కువైన వాడి కంప్యూటరే మొరాయిస్తుందని ఆయన సిద్ధాంతం. పనిదొంగకు అంతకు మించిన చుట్టం ఉంటుందా?

స్టోరు క్లర్కుకు మాత్రం ఆ చక్రం చూస్తే ఒళ్లు మండేది. ఆమె భర్త, నాలుగేళ్ల కూతురు వేరే ఊళ్లో ఉంటారు. అక్కడి బ్రాంచికి బదిలీ చేయమని నెలల కిందటే ఈయనకు మెయిలు పెట్టింది. ఈయన సిఫారసు చేస్తేనే హెడ్డాఫీసులో కదులుతుంది. ఈ శుక్రవారం బదిలీలు ఖాయం చేసేస్తారు. పోయిన ఆదివారం పిల్ల ఆమె చెయ్యి విడిపించుకుని పక్కింటావిడ ఒళ్లోకి పోయింది. తిరుగు బస్సులో ఆమె ఏడుస్తూనే వచ్చింది.

"మీ మెయిలు నాకు రాలేదమ్మా. వచ్చినా ఈ డొక్కులో ఏ మూలనుందో!" అని ఆయన పెదవి విరిచారు.

అంతటితో ఊరుకోవచ్చుగా! గొప్పకు పోయి, "ఈ కంప్యూటరుతో చస్తున్నాను సార్" అని మేనేజరు ముందు అందరూ వినేలా వాపోయారు. మర్నాడే మేనేజరు కంప్యూటరు మెకానిక్కును పంపారు.

అతను మెయిలు ప్రోగ్రాం లోపలికి చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు. వాతావరణం చెప్పేదొకటి, జోకులు తెచ్చేదొకటి, బొమ్మలు మార్చేదొకటి, ఇలా మెయిలుతో పాటే లేచి కూర్చునే తగిలింపులు అరడజను. అన్నీ పీకేశాడు. ఏళ్లనాటి మెయిళ్లను వేరే ఫైల్లోకి తోశాడు. చెత్తబుట్ట ఖాళీ చేసి, ఉబ్బిపోయిన అసలు ఫైలును కుదించాడు. ప్రోగ్రాం చిటికెలో తెరుచుకుంది. సూపరింటెండెంటుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏదైనా పేరు చెప్పండి సార్, వెతికి చూపిస్తా," అన్నాడు మెకానిక్కు.

"ఎందుకులే బాబూ, బాగానే ఉందిగా..."

"నా పేరు కొట్టండి," అంది గుమ్మంలో నిలబడ్డ స్టోరు క్లర్కు.

అతను ఆమె మెడలోని కార్డు చూసి కొట్టాడు. ఆమె మెయిలు వచ్చింది, దాని వెనకే ఆమె గుర్తు చేసినవన్నీ వచ్చాయి. ప్రతిదీ తెరిచి చదివినదే. మొదటిదాని కింద హెడ్డాఫీసుకు ఆయన రాసిన మాట కూడా ఉంది: "ఈమె లేనిదే స్టోరు నడవదు. బదిలీ ఇవ్వవద్దు." ఆమె అడిగిన రోజే అది వెళ్లిపోయింది.

"ఇంత డొక్కూ ఆ రోజు మాత్రం ఎలా పరిగెత్తింది సార్?" ఆమె తెర మీది తేదీని వేలితో చూపించింది. "మొన్న మేనేజరుగారి ముందు నా పని ఎవరైనా చేస్తారన్నారే! నేను లేనిదే స్టోరు నడవదా?"

"ఆఫీసు మంచి కోసమేనమ్మా..."

"మరి నా మంచి కోసం ఇంకోటి రాయండి. నేనిక్కడే నిలబడతా."

ఆయన దిక్కులు చూశారు. మెకానిక్కు తలెత్తకుండా వైరు చుట్టుకుంటున్నాడు. చివరికి ఆయన ఒంటివేలితో కొట్టారు: అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను, బదిలీకి సిఫారసు చేస్తున్నాను. ఆమె రెండుసార్లు చదివి, "పంపండి" అంది. అది ఆమె కళ్లెదుటే వెళ్లిపోయింది.

సంతోషం కంటే ముందు ఆమెకు అసహ్యం వేసింది. ఈ మనిషి ముందా తను ఇన్నాళ్లూ చేతులు కట్టుకుని నిలబడింది! ఇంటికి ఫోను కలుపుతూ గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఆయన గొంతు తగ్గించి అడగడం వినిపించింది.

"బాబూ, దీన్ని మళ్లీ మునుపటిలా చెయ్యడం కుదురుతుందా?"