పసుపు రాసిన చేట మీద ఫిర్యాదు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నన్ను ఖమ్మం బ్రాంచికి వేశారు. ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మించే ఒక కంపెనీలో, కొన్నవారికీ అమ్మినవారికీ మధ్య వచ్చే తగాదాలు తేల్చే విభాగంలో నేను సీనియర్ ఆఫీసర్ని. వైరా నుంచి భద్రాచలం అవతలి అడవి పల్లెల దాకా అమ్మకందారులంతా నా కిందికి వచ్చేవారు.

మా దగ్గర ప్రతి ఫిర్యాదునూ టికెట్ అంటారు. కొన్నవారు యాప్‌లో ఒక కారణం ఎంచుకుని ఫొటో పెడితే టికెట్ తెరుచుకుంటుంది. అమ్మినవారు రెండు రోజుల్లో జవాబు ఇవ్వకపోతే తప్పు ఒప్పుకున్నట్టే. ఇక ఏ మనిషీ చూడనక్కరలేదు, దానంతట అదే మూసుకుంటుంది. ఫోన్ సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన ఊళ్లకూ ఇదే రూలు. దీన్ని రాసిన మహానుభావుడి చేత ఆ గుట్ట ఒక్కసారైనా ఎక్కించి ఉండాల్సింది.

ముత్తమ్మ మీద వచ్చిన టికెట్ అలాగే మూసుకుంది. భద్రాచలం దాటాక అడవి అంచు పల్లెలో ఆమె, మరికొందరు ఆడవాళ్లు కలిసి వెదురు చేటలు, గంపలు అల్లి మా యాప్‌లో అమ్మేవారు. విజయవాడలో ఒకావిడ చేట తెప్పించుకుని, ‘వాడిన వస్తువు పంపారు’ అని ఫిర్యాదు పెట్టింది. ఫొటోలో చేట అంచుకు పసుపు, అడుగున కొన్ని బియ్యపు గింజలు. వాడినదాన్ని కొత్తదని అమ్మితే మా లెక్కలో అది మోసం. దుకాణం మూసేశారు. కూలి పనులు దొరకని నెలల్లో ఆ ఆడవాళ్లకు అదొక్కటే ఆధారం.

మోసం కింద దుకాణం మూస్తే మాత్రం ఆ తర్వాత ఒక ఆఫీసర్ వెళ్లి విచారించాలి. నేనే వెళ్లాను. ఫొటో చూపిస్తే అందులో తప్పేముందో ముత్తమ్మకు అర్థం కాలేదు.

“వట్టి చేట ఎట్ల ఇస్తం సార్? పసుపు రాసి, ఇన్ని గింజలేసి ఇస్తేనే ఆ ఇల్లు నిండుగుంటది. మా అమ్మ గట్లనే ఇచ్చేది, నేను గట్లనే ఇస్తున్న,” అంది.

అక్కడి నుంచే మా రీజినల్ మేనేజర్‌కు ఫోన్ చేశాను. ఇకపై శుభ్రంగా, ఖాళీగా పంపుతానని ఆమె ఒప్పుకుంటే దుకాణం తెరిచే విషయం ఆలోచిస్తామన్నారు. ఆ మాట ఆమెకు చెప్పాను. ఆడవాళ్లంతా కోయ భాషలో కాసేపు మాట్లాడుకున్నారు.

“ఒకరింటికి వట్టి చేట పంపి వాళ్ల కీడు కోరాల్నా? దుకాణం పోతే పోనియ్ సార్. గా పని మాతోని కాదు,” అంది ముత్తమ్మ.

నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు. కొన్నవారితో ఆఫీసర్ నేరుగా మాట్లాడకూడదన్నది మా నియమం. నియమాన్ని పక్కనపెట్టి విజయవాడ ఆవిడకు ఫోన్ చేశాను.

“దుకాణం మూసేశారా! దేనికండీ?” అని ఆవిడ కంగారుపడింది. “ఆ పసుపు ఎందుకు పెట్టారో అడుగుదామనుకున్నానండీ, అంతే. పగిలింది, వాడింది, వేరేది వచ్చింది, అసలు రాలేదు, ఈ నాలుగే ఉన్నాయి యాప్‌లో. అడగడానికి ఏమీ లేదు. చేట బాగుంది, రోజూ వాడుతున్నాను.”

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని ఆవిడే అంది. మూసిన టికెట్ తిరిగి తెరిచే సదుపాయం సిస్టంలో లేదని పైవాళ్లన్నారు. మళ్లీ రాస్తే, కొన్నవారు మనసు మార్చుకోవడం సాక్ష్యం కిందికి రాదని జవాబు వచ్చింది. కొన్నావిడకు కోపం లేదు, అమ్మినావిడ తప్పు చేయలేదు, శిక్ష మాత్రం పడింది. ఇంత సిగ్గుమాలిన తీర్పు నా సర్వీసులో మరొకటి చూడలేదు.

ముత్తమ్మను అడిగి, ఆమె ఫోన్ నంబరు విజయవాడ ఆవిడకు ఇచ్చాను. బేరాన్ని యాప్ బయటికి మళ్లించడం మా కంపెనీలో పెద్ద నేరం. మెమో ఇచ్చి సంజాయిషీ అడిగారు. అవును, ఇచ్చానని రాశాను. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నారు. గంపలు బస్సు పార్సిల్లో విజయవాడ వెళ్లడం మొదలైంది.

తగాదా తేల్చబోయే ముందు, ఆ ఇద్దరి మధ్య అసలు తగాదా ఉందో లేదో కనుక్కోవాలి. కంపెనీ మాకిచ్చిన శిక్షణలో ఈ సంగతి ఎక్కడా లేదు. నేను రిటైరైన రోజున కూడా సిస్టంలో ముత్తమ్మ పేరు పక్కన ‘మోసం’ అనే ఉంది.