కిటికీ ఉందా అని అడగని కొట్టు

మా బావగారు కొట్టు తీసే ముందు జనం స్నానాలగదులు చూసి వచ్చేవారు. నవ్వకండి, నిజమే. పొద్దున్నే జేబులో కొలత టేపు వేసుకుని సైకిలెక్కేవారు. ముందురోజు గ్యాస్ గీజర్ అడిగినవాళ్ల ఇంటికి వెళ్లి, స్నానాలగదికి కిటికీ ఉందా, ఉంటే తెరుచుకుంటుందా, గీజరు బయటి గోడకు బిగించే వీలుందా అని చూసేవారు. చూశాకే వచ్చి షట్టరు ఎత్తేవారు. ఇప్పుడు తొమ్మిదింటికల్లా నేరుగా వచ్చి షట్టరు ఎత్తుతున్నారు. సైకిలు మెట్లకింద ఉంది. టైర్లలో గాలి లేదు.

కొట్టు కింద, మా వాటాలు పైన. స్టవ్వులు, గీజర్లు, మిక్సీలు అమ్ముతారు. మా ఆయన, బావగారు, అన్నదమ్ములిద్దరూ కలిసి ముప్పై ఏళ్లు నడిపారు. మా ఆయన పోయి పదకొండు నెలలైంది. పైన ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చోలేక, వంట కాగానే కిందికి దిగి స్టూలు మీద కూర్చుంటున్నాను. ఆయన కుర్చీ పక్కనే ఉంది. అందులో కూర్చోబుద్ధి కాదు.

బావగారి కిటికీ పిచ్చి ఊరికే రాలేదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒక టీచరుగారికి గీజర్ అమ్మారు. ఆవిడ స్నానాలగది లోపలే బిగించుకుంది. గాలి రావడానికి వేలెడు సందు లేదు. వారం తిరక్కుండా ఆవిడ స్నానానికి వెళ్లి బయటికి రాలేదు. కబురు అందగానే బావగారు పరుగెత్తి, భుజంతో తలుపు పగలగొట్టారు. ఆవిడ బతికింది. కానీ ఆ తరవాత సొంత పిల్లల పేర్లకు తడుముకునేది. గీజరులో గ్యాస్ మండితే వచ్చే విషపు గాలికి వాసన రాదట, పొగ కనపడదట, మంచి నిద్ర పట్టినట్టే ఉంటుందట. ఆ రోజు నుంచి కిటికీ చూడందే బావగారు పెట్టె కదపలేదు. అందరూ "కిటికీ సారు" అనేవాళ్లు. ఆయన కూడా ఆ పేరుకే పలికేవారు.

రెండేళ్లుగా జనం తీరు మారింది. ఏ సరుకు కొనాలో ఫోనులో చదువుకున్నాకే గడప తొక్కుతున్నారు. పట్టుకు చూడటానికీ, ఆ పూటే ఇంటికి తీసుకుపోవడానికీ మాత్రమే కొట్టు కావాలి.

ఒకాయన అలాగే వచ్చాడు. బావగారు అలవాటుగా అడిగారు.

"స్నానాలగదికి కిటికీ ఉందా బాబూ?"

"గీజర్ కొనడానికొచ్చానండీ, ఇల్లు అమ్మడానికి కాదు."

"అలా కాదు బాబూ, రేపు పొద్దున ఒక్కసారి వచ్చి చూసి..."

"నాకన్నీ తెలుసు. వారం రోజులు చదివాను."

అన్నీ తెలిసినవాడు వెళ్లి కొట్టు గురించి ఫోనులో రాశాడు. ఒకే ఒక్క స్టార్. 'ఈయన సరుకు అమ్మడు, ప్రశ్నలు అమ్ముతాడు. అద్దెకు దిగేవాడిలా వచ్చి మన గదులు చూస్తానంటాడు.' దాన్ని మెచ్చుకున్నవాళ్లు రెండొందల పైమాటే. ఆ తరవాత జనం మా గుమ్మం ముందు నిలబడి, ఫోను చూసుకుని, పక్క వీధి కొట్టుకు వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను.

ఒకరోజు బావగారి కూతురు వచ్చి అవన్నీ చదివి వినిపించింది.

"నాన్నా, కొట్టులో కాలు పెట్టకముందే మన జాతకం చదివేస్తున్నారు. నువ్వు నోరు కట్టేసుకుంటే చాలు."

"కిటికీ లేకపోతేనో?"

"పెట్టె మీద రాసుంది కదా! చదువుకున్నవాళ్లు, చదువుకుంటారు. పిన్నీ, నువ్వైనా చెప్పు."

బావగారు నా వంక చూశారు. కొట్టు మూతపడితే పైన మా పొయ్యి కూడా ఆరిపోతుంది. నేను తల దించుకున్నాను. ఆయనకు అదే జవాబు అయింది.

ఆ మర్నాటి నుంచి అడగడం మానేశారు. స్టార్లు పెరిగాయి. 'మాట తక్కువ, పని చురుకు' అని రాశారు. చలి ముదిరింది. ఒక్క నెలలో పద్నాలుగు గీజర్లు వెళ్లాయి. ఏ ఇంటికి, ఏ గదిలోకి అంటే మాలో ఎవరికీ తెలీదు. అంబులెన్సు కూత వినపడితే బావగారు చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వెళ్తారు. అది ఎటు మలుపు తిరిగిందో చెవి ఒగ్గి విని, వచ్చి కూర్చుంటారు. అన్నం సగంలో చెయ్యి కడిగేసుకుంటున్నారు.

నిన్న సాయంత్రం వెనక వీధి కొత్త ఫ్లాట్ల నుంచి భార్యాభర్తలు ఐదేళ్ల పాపతో వచ్చారు. భర్త తన ఫోను బల్ల మీద పెట్టి వేలితో చూపించాడు.

"ఇదిగో, ఈ గ్యాస్ గీజరే కావాలి. నాలుగున్నర స్టార్లు."

"బయట బిగిస్తే దుమ్ము పడుతుందని ఎవరో రాశారు కదండీ, స్నానాలగది లోపలే పెట్టిద్దాం" అంది ఆవిడ.

"లోపల బూచాడు ఉంటాడు" అంది పాప. "లైటు వేయకపోతే పగలు కూడా చీకటే."

తల్లి నవ్వింది. బావగారి పెదాలు కదిలాయి. ఆయన బల్ల మీది ఫోను వైపు చూసి, పెట్టె దించి, గ్యారంటీ కార్డు నా ముందుకు జరిపారు.

కార్డు మీద కొట్టు ముద్ర వేయడం మా ఆయన పని. ఆయన పోయాక నాకు వచ్చింది. ముద్ర లేకపోతే కంపెనీ మెకానిక్ ఇంటికి వచ్చినా పెట్టె విప్పడు. ముద్ర చేతిలోకి తీసుకున్నాను. పాప బల్ల అంచు పట్టుకుని, మునివేళ్ల మీద లేచి నా చేతినే చూస్తోంది.

ప్యాడ్ మూత పెట్టేశాను.

"ఏమైందమ్మా?" అన్నారు బావగారు.

"వెయ్యను బావగారూ."

"ఏంటండీ ఇది? పక్క వీధిలో ఇదే దొరుకుతుంది" అంటూ ఆవిడ భర్త ఫోను అందుకుని ఏదో రాయడం మొదలుపెట్టాడు.

ఆవిడ మాత్రం నన్ను అడిగింది. "ఎందుకు వెయ్యరు?"

"ఆ గదిలోకి గాలి ఎటునుంచి వస్తుందో చెప్పండి తల్లీ, వేస్తాను."

ఆవిడ భర్త వంక చూసింది. ఆయన తల ఎత్తలేదు, రాస్తూనే ఉన్నాడు. బావగారు పెట్టె మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డారు. దాన్ని అటు జరపలేదు, ఇటు జరపలేదు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కార్డు మా మధ్య బల్ల మీద, ముద్ర పడాల్సిన చోటు తెల్లగా.