మూడో తరగతి భారతి

మొన్న వనపర్తిలో మా వాడి బడికి వెళ్తే, కంప్యూటర్ గదిలోంచి వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

గద్వాలలో నేను చదివిన బడిలోనూ ఇదే వాసన. అక్కడి కంప్యూటర్లలో లెక్కలు నేర్పే ప్రోగ్రాం ఉండేది. ఏ కంప్యూటర్ తెరిచినా తెర మీద ఒకటే మాట: "నమస్తే భారతి, మూడో తరగతి." మా బడిలో భారతి అనే పిల్లే లేదు. చచ్చిపోయిన పిల్లెవరో లోపల ఉందనుకున్నాం. లెక్క మేం చేసినా మెచ్చుకోలు ఆమెకే. పక్కన ఆమెకు కాస్త జాగా వదిలి, ఒదిగి కూర్చునేవాళ్లం.

ఒకనాడు ఉండబట్టలేక అడిగాను. "సార్, భారతి ఎవలు?"

సారు ముఖం పాలిపోయింది. తలుపు వైపు చూశాడు. "నాకు తెల్వదు బిడ్డా. బయట ఎవలకు చెప్పకు."

ఇంకేముంది, మా భయం ఖాయమైంది. ఎవరో పాప పేరు మీద కొన్న ఒక్క డిస్కును సారు దొంగతనంగా అన్ని కంప్యూటర్లలోకీ కాపీ చేశాడని, ఆయన భయం తనిఖీకి వచ్చేవాళ్లంటేనని పెద్దయ్యాక అర్థమైంది.

ఇంతలో మా వాడు ఆ గదిలోంచి వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అమ్మా, గా భారతి ఎవలే?"

కాపీ సంగతి చెప్పబోతూ గదిలోని తెర వైపు చూశాను; ఆ కాపీ ఇక్కడిదాకా వచ్చినట్టుంది. ఆమెకిప్పుడు నా వయసే ఉంటుంది. లోపల మాత్రం ఇంకా మూడో తరగతే.