మేడం సంతకం పెట్టని రికార్డు

మా సైకాలజీ మేడం పోయారు. సోమవారం బడిలో పిల్లల ప్రార్థన అయీ కాకముందే ఫోన్ వచ్చింది. సాయంత్రం మణుగూరు చర్చిలో ఆఖరి ప్రార్థన అన్నారు. ఆ రోజు పిల్లలకు ఏం పాఠం చెప్పానో నాకు గుర్తు లేదు.

టీచర్ ట్రైనింగ్‌లో ఆమె మాకు చెప్పింది రెండేళ్లే. పొట్టి మనిషి, బోర్డు పైభాగం అందేది కాదు. సగం నుంచి కిందికే రాసేవారు. వెనక బెంచీల వాళ్లం లేచి నిలబడితే, "మంచిదే, నిలబడితే నిద్ర రాదు" అనేవారు. ప్రవర్తనావాదం, మనోవిశ్లేషణ, గెస్టాల్ట్ అని సిద్ధాంతాల పేర్లు మేం బట్టీ కొడుతుంటే ఆమెకు నవ్వు.

"వీళ్లు ముగ్గురు తోడికోడండ్లు బిడ్డా. ఒకరి వంట ఒకరికి నచ్చదు. ఒకామె మనిషి చేసేదే చూడమంటది. ఒకామె లోపల దాసుకున్నది తవ్వమంటది. ఇంకొకామె ముక్కలు కాదు, మొత్తం చూడమంటది. మీరైతే ముందు పిల్లను చూడుండ్రి."

పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి. పిల్లను చూడటం మాత్రం రాలేదు.

ప్రాక్టీస్ టీచింగ్‌కు టేకులపల్లి దాటాక అడవిలో ఉన్న చిన్న బడికి పంపారు. ఒక విద్యార్థి మీద కేస్ స్టడీ రాయాలి. రెండేళ్లుగా ఒకటో తరగతిలోనే ఉన్న కోయ అమ్మాయిని ఎంచుకున్నాను. బొమ్మల కార్డులు చూపించి, ఏది లోపించిందో చెప్పమన్నాను. నోరు విప్పలేదు. రికార్డులో 'మందబుద్ధి' అని గుండ్రటి అక్షరాలతో రాసేశాను. ఆ మాట హెడ్మాస్టరు దాకా పోతే మూడో ఏడూ ఆ పిల్ల ఒకటో తరగతిలోనే.

మేడం సంతకం పెట్టలేదు.

"ఏ భాషల అడిగినవ్?"

"తెలుగులనే మేడం."

మర్నాడు మేడం నాతోపాటు బస్సెక్కారు.

బడి విడిచాక ఆ పిల్ల ఇంటి ముందు కూర్చుని అడ్డాకుల విస్తరి కుడుతోంది. మేడం కొంగు దోపుకుని ఎదురుగా చతికిలబడ్డారు. తానూ నాలుగాకులు తీసి పుల్లతో కుడితే నడుమ సందు పడింది. పిల్ల ఒకసారి చూసి, కుప్పలోంచి ఆ సందుకు సరిగ్గా సరిపోయే ఆకు లాగింది. లాగుతూ కోయలో గట్టిగా ఏదో అంది.

"లోపించింది చెప్పలేదంటివి కదా, చూడు" అన్నారు మేడం. "ఇప్పుడు ఏమంటున్నది పిల్ల?"

"తెల్వదు మేడం."

"గట్లయితే నిన్ను ఏ తరగతిల కూసోబెట్టాలె?"

నవ్వుతూనే అన్నారు. తిట్టినా బాగుండేది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఆ పేజీ చింపేశాను. 'ఈ పిల్ల మాట నాకు రాదు' అని కొత్త పేజీ మొదలుపెడితే, మేడం అప్పుడు సంతకం పెట్టారు. జూన్‌లో ఆ పిల్ల రెండో తరగతికి పోయింది. ఇవాళ నేను పిల్లల ముందు నోరు మూసుకుని వినగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే.

ఆ పిల్ల ఇంటి ముందు ఆ సాయంత్రం మేం లేవబోతే తను ఒప్పుకోలేదు. విస్తరి పూర్తి కాలేదు మరి. రోడ్డు మీద బస్సు హారన్ కొడుతూనే ఉంది. పిల్ల చెయ్యి చాపుతోంది, మేడం బుద్ధిగా ఒక్కో ఆకూ అందిస్తున్నారు.