మా గొంతులు ఎవరికిచ్చారు, యాదగిరి అన్నా?

నిన్న పొద్దున అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే అన్న లైబ్రరీ అటెండర్ నుంచి ఫోన్ వచ్చింది.

"మేడమ్, యాదగిరి సార్ పోయిన్రు. ఆస్పత్రిల."

"ఆస్పత్రేంటి? ఏమైంది ఆయనకి?"

"మీకు తెల్వదా మేడమ్?"

తెలియదు. నాకేమీ తెలియదు.

గోడ పక్కకి జరిగి నిలబడ్డాను. వెనక జనం తోసుకుంటూ దిగుతున్నారు. ఏడుపు రాలేదు. మళ్లీ మోసం చేశారు అనిపించింది, అంతే.

పోయినవాళ్ల గురించి ఇలా రాయకూడదని నాకూ తెలుసు. కానీ నిన్నటి నుంచి మన లైబ్రేరియన్ల గ్రూపు నిండా "గొప్ప ఇన్నోవేటర్" అనే పోస్టులే. వాటి కింద దణ్ణం ఎమోజీ పెట్టి ఊరుకోవడం నావల్ల కాలేదు.

అన్న పంజాగుట్టలో ఒక చిన్న లైబ్రరీ చూసేవారు. నేను అమీర్‌పేటలో ఒక కాలేజీ లైబ్రేరియన్‌ని. తెనాలి నుంచి వచ్చిన కొత్తలో ఈ ఊళ్లో నన్ను "చెల్లె" అని పిలిచిన మొదటి మనిషి ఆయనే.

అక్కడికి రేణుక అనే అమ్మాయి వచ్చేది. చూపు లేదు. బ్యాంకు పరీక్షలకి చదివేది. "ప్రతిసారి ఎవర్నో ఒకర్ని బతిమాలుకోవాల్నా సార్?" అని ఒకరోజు విసుక్కుంది.

ఆ మాట అన్నకి గుచ్చుకుంది.

అలా మొదలైంది మా సిస్టమ్. ఫోన్ చేసి పుస్తకం పేరు తెలుగులో చెబితే చాలు, ఉందో లేదో, ఏ రాక్‌లో ఉందో అదే చెబుతుంది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లకి కొదవేముంది, సాయంత్రాలు వెళ్లి కోడింగ్ నేర్చుకున్నాను. మెషీన్‌కి మన యాసలన్నీ నేర్పాలంటే బోలెడు గొంతులు కావాలి. ఏడాది పాటు ఆదివారాలు అదే పని. పేపర్ చదవడానికి వచ్చే పెద్దవాళ్లు, హాస్టల్ పిల్లలు, పక్క వీధి టైలర్, అందర్నీ అన్నే కూర్చోబెట్టి పుస్తకాల పేర్లు చదివించి రికార్డు చేసేవారు. రేణుక మాత్రం విని తిరిగి చెప్పేది.

మొదటిసారి టెస్ట్ చేసినప్పుడు ఒక పెద్దావిడ వంటల పుస్తకం అడిగితే మెషీన్ పంటల పుస్తకం ఉందని చెప్పింది. అన్న కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. "పర్వాలే చెల్లె, ముందుగాల పండించుకోమంటుంది!"

కొందరు భయపడ్డారు, మా గొంతు ఏం చేస్తారోనని.

"ఏం ఫికర్ జెయ్యకున్రి. మీ గొంతు ఎటు పోదు. మన లైబ్రరీలనే ఉంటది."

అన్నే చెప్పారు. నా ముందే చెప్పారు.

తర్వాత బేగంపేట హోటల్లో కాన్ఫరెన్స్. మన సదస్సుల సంగతి తెలిసిందే కదా, పుస్తకాల కంటే కంపెనీల స్టాళ్లు ఎక్కువ. టెక్నాలజీ సెషన్‌లో మా ఇద్దరి పేపర్. నేను ముందు వరసలో కూర్చున్నాను, పిలుస్తారని.

ఆయన్ని ఒక్కరినే పిలిచారు.

స్లైడ్ మీద నా పేరు లేదు. చివర్లో ఒక కంపెనీ లోగో. మా సిస్టమ్ ఇక ఆ కంపెనీదని, ఆయన దానికి అడ్వైజర్ అయ్యారని అక్కడే, మైకులో, అందరితోపాటు విన్నాను. హాలంతా చప్పట్లు. నా చేతులూ కొట్టేశాయి, అలవాటుగా.

భోజనాల దగ్గర పట్టుకుని అడిగాను. "ఏంటన్నా ఇది? నేనెక్కడ?"

"జర ఆగు చెల్లె. ఒక్కరి పేరే ఉండాలన్నరు. తర్వాత నేను చూస్త గదా."

ప్లేటు వైపే చూస్తూ చెప్పారు.

కొన్నాళ్లకి రేణుక ఫోన్ చేసింది. ఆ నంబర్‌కి కాల్ చేస్తే సభ్యత్వం తీసుకున్న సంస్థలకే ఈ సేవ అని వస్తోందట.

"నా గొంతు వాళ్ల దగ్గరున్నది మేడమ్. నన్నే వద్దంటున్నరా?"



మరుసటి కాన్ఫరెన్స్‌లో ఆయన మళ్లీ స్టేజి మీదున్నారు. ప్రశ్నలు అడగమన్నప్పుడు మైకు తీసుకున్నాను. "సార్, ఇందులో ఉన్న గొంతులు ఎవరివి? వాళ్లని అడిగే అమ్మారా?" అన్నాను. నేను ఆయన్ని "సార్" అనడం అదే మొదలు.

నా వెనక వరసలో చెయ్యెత్తినవాళ్ల వైపు తిరిగారు. "నెక్స్ట్ క్వశ్చన్ ప్లీజ్" అన్నారు.

ఆ తర్వాత మాటల్లేవు.

ఈమధ్య ఒకరోజు ఉన్నట్టుండి మా కాలేజీకి వచ్చారు. బాగా చిక్కిపోయి ఉన్నారు. టీ తాగారు. మెట్రోలో రష్ గురించి చెప్పారు. నేను ఎదురుచూస్తూనే ఉన్నాను, ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని. గుమ్మం దగ్గర ఆగారు.

"చెల్లె..."

"చెప్పండి."

"ఏం లేదు. పైలం, జాగర్త."

నిన్న ఎర్రగడ్డలో వాళ్లింటికి వెళితే వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఆస్పత్రిల రిపోర్టు చేతికిచ్చిన్రు, అటునుంచి అటే నీ దగ్గరికొచ్చిండు. చెప్పలేదా?"

చెప్పలేదు వదినా. అదీ చెప్పలేదు, ఇదీ చెప్పలేదు.

ఇంటి ముందు రేణుక నిలబడి ఉంది, వాళ్ల తమ్ముడి భుజం పట్టుకుని. ఏడుస్తోంది. "కలిసినప్పుడు కడుపునిండ తిట్టాలనుకున్న మేడమ్. ఇప్పుడు ఎవర్ని తిట్టాలె?"

అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

అన్నా, మీరు దొంగ అని రాయడానికి చెయ్యి రావట్లేదు. ఆ ఆదివారాలు అబద్ధం కాదు. రేణుక మాటకి మీరు బాధపడటం అబద్ధం కాదు. అందుకే ఇంత మండుతోంది. ముందునుంచీ మోసగాడైతే ఈపాటికి మర్చిపోయేదాన్ని.

ఒక్క "సారీ" అంటే సరిపోయేది. అది కూడా మీతోపాటే తీసుకెళ్లిపోయారు.

వెళ్లిరండి అన్నా. మీకు శాంతి దొరకాలని మనస్ఫూర్తిగానే కోరుకుంటున్నాను.

నాకు మాత్రం ఇంకా కోపంగానే ఉంది.

- మీ చెల్లె, సుజాత